కారు మీద కుంకుమ గుర్తు

సినగాగ్ గుమ్మంలో గార్డు నా బ్యాగులోంచి స్టీలు డబ్బా తీసి, మూత తెరిచి, ఒక అడుగు వెనక్కి వేశాడు. పెరుగన్నం, ఆవకాయ. ఆ ఘాటు పాత చెక్క బెంచీల వాసనలో కలిసి హాలంతా పాకింది. యూదుల ఈ పాత ప్రార్థనామందిరంలో ఇప్పుడు ప్రార్థనలు జరగవు. నాజీలు చంపిన యూదుల స్మారకంగా నిలిపి ఉంచారు. గార్డు అనుమానంగా చూస్తుంటే నాకు కోపం రాలేదు. అలాంటి చూపు కిందే పెరిగినదాన్ని నేను.

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా పక్కింట్లో రోజ్ అనే ముసలావిడ ఒంటరిగా ఉండేది. మా నాయనమ్మ నోట ఆ పేరు రోజా అయింది. తెనాలి నుంచి నాయనమ్మ వచ్చిన వేసవుల్లో డ్రైవ్‌వే మీద పాత దుప్పటి పరిచి గుమ్మడి వడియాలు పెట్టేది, గరాజ్‌లో ఆవపిండి కలిపేది, లైలాక్ పొదల చాటున నేనూ తమ్ముడూ దొంగా పోలీసూ ఆడేవాళ్ళం. వీటన్నిటినీ రోజా ఆంటీ కిటికీ తెర రవ్వంత తొలగించి చూస్తూనే ఉండేది.

"ఆవిడేందే అట్టా చూస్తది? వడియాలకి దిష్టి తగులుద్ది," అని నాయనమ్మ దుప్పటి మూల ఎండుమిరపకాయ పెట్టేది. ఆవిడ గూఢచారి అని తమ్ముడూ నేనూ తేల్చేశాం.

నాన్న కొత్త కారు కొన్న రోజు నాయనమ్మ బానెట్‌కి పసుపు రాసి, కుంకుమతో స్వస్తిక్ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టించింది. తలెత్తి చూస్తే మా పచ్చికలో రోజా ఆంటీ. కాళ్ళకి చెప్పుల్లేవు. చూపు బానెట్ మీది గుర్తు మీదే ఉంది.

"అసలు మీరెవరు?" అంది నాన్నతో, మమ్మల్ని ఎన్నడూ చూడనట్టు.

అది మా శుభచిహ్నమని నాన్న చెప్తూనే ఉన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి గడియలన్నీ వేసుకుంది.

"మనమంటే గిట్టదురా వీళ్ళకి," అంది నాయనమ్మ. ఆ తర్వాత మమ్మల్ని అటువైపు వెళ్ళనివ్వలేదు.

ఆదివారం రోజా ఆంటీయే వచ్చింది, నాన్నని తనతో రమ్మంది. నేనూ వెంటపడ్డాను. మా కారు ఎక్కనంటే ఆవిడ కారులోనే ఈ సినగాగ్‌కి వచ్చాం. గోడ మీది ఒక ఫోటో ముందు ఆగింది. ఒక కొట్టు, దాని మీద నాజీల జెండా, జెండాలో కాస్త ఒరిగిన స్వస్తిక్, గుమ్మంలో జడలు వేసుకున్న పిల్ల.

"ఇది మా నాన్న బట్టల కొట్టు. ఇది మా చెల్లి," అంది. తర్వాత జెండాలోని గుర్తు మీద వేలు పెట్టింది.

ఇంటికి రాగానే ఫోటో సంగతి నాయనమ్మకి చెప్పి, నాన్న తడిగుడ్డ తీసుకున్నాడు.

"ఎవడో ఎత్తుకుపోయి పాడుచేస్తే మన గుర్తు మనం చెరుపుకోవాలంట్రా?" నాయనమ్మ కారుకి అడ్డం నిలబడింది.

"దేవుడి గదిలో ఉంటుందమ్మా. ఆవిడ కిటికీకి ఎదురుగా వద్దు."

నాన్న బానెట్ తుడిచేశాడు. నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం నన్ను పిలిచి, "ఆ ఫోటోలో పిల్ల ఎంతుందే?" అని అడిగింది.

"నా అంత."

లేచి శనగపప్పు ఉడికించింది. వేడి బొబ్బట్లు పళ్ళెంలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పక్కింటి తలుపు కొట్టింది. గొలుసు తీయకుండానే రోజా ఆంటీ తలుపు ఓరగా తెరిచింది. ఆ సందులో పళ్ళెం పట్టలేదు. చాలాసేపు చూసి గొలుసు తీసింది. తీసి, ఒక ముక్క తుంచి నాయనమ్మ నోటి ముందు పెట్టింది, ముందు నువ్వు తిను అన్నట్టు. నాయనమ్మ తినేసి, పళ్ళెం ఆవిడ చేతుల్లో పెట్టింది.

అంతమాత్రాన అనుమానం పోలేదు. ఆ తర్వాత మేము ఏ కారు కొన్నా ఆవిడ వచ్చి బానెట్ చుట్టూ ఒకసారి తిరిగి వెళ్ళేది. నాయనమ్మ కూడా మిరపకాయ పెట్టడం మానలేదు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఇక్కడ ప్రార్థనకి వచ్చే ముసలివాళ్ళూ లేరు. ఫోటో మాత్రం అద్దం వెనక ఉంది, కింద 'గుర్తు తెలియని బాలిక' అని రాసి. గైడుని పిలిచి, ఈ పిల్ల రోజ్ అనే ఆవిడ చెల్లెలని, ఆ కొట్టు వాళ్ళ నాన్నదని చెప్పాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీకెలా తెలుసు?"

"పక్కింటివాళ్ళం," అన్నాను.