లెక్కలకే అనుమతి ఉన్న మాస్టారు

లెక్కల మాస్టారికి ఒకటే జబ్బు. వీసాలో రాయని పని చేతితోనే కాదు, నోటితో కూడా చేయరు. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఒకళ్లు అంటించింది. అంతకుముందు పనిచేసిన దేశంలో బొమ్మల టీచరుకు జ్వరమొస్తే, "ఈ పూటకు మీరేదో ఒకటి గీయించండి" అని ప్రిన్సిపాల్ బతిమాలాడు. మాస్టారు ఏనుగును మొదలుపెట్టారు. తొండం దాకా రాకముందే తనిఖీవాళ్లు దిగారు. లెక్కలు చెప్పడానికి వచ్చిన పరాయివాడు ఏనుగును గీయడం నేరమన్నారు. బతిమాలిన పెద్దమనిషికి అప్పటికప్పుడు మతిమరుపు వచ్చింది. "నేనెప్పుడు చెప్పాను?" అన్నాడు. వారం తిరక్కుండా మాస్టారిని విమానం ఎక్కించేశారు.

మరో దేశంలో, ఈ బడిలో చేరాక ఆయన జాగ్రత్త చూడాలి. కాళ్ల దగ్గరికి బంతి దొర్లుకొస్తే తన్నరు, చుట్టూ తిరిగి వెళ్తారు. అది వ్యాయామం మాస్టారి పని. ఎవరైనా తుమ్మితే 'చిరంజీవ' అనరు. అంకె కాబట్టి 'నూరు' అని ఊరుకుంటారు.

సైన్సు టీచరుకు చేరిన రోజే ఈ రుచి తగిలింది. ఆవిడా వీసా మీద వచ్చిన మనిషే.

"మాస్టారూ, ఆఫీసు గది ఎటండీ?"

"దిక్కులు భూగోళం కిందికి వస్తాయమ్మా. వీసాలో లేదు" అని గడ్డం మాత్రం ఎడమవైపు తిప్పారు.

అదే బడిలో చదివే ఆవిడ కూతురు ఒకరోజు, "తాతా, ఆకాశం నీలంగా ఎందుకుంటుంది?" అని అడిగింది. మాస్టారు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నారు. "మీ అమ్మనడుగు తల్లీ. నాకు కూడికలే వచ్చు."

"పాపం, తెలీదు కాబోలు" అంది ఆ పిల్ల ఇంటికొచ్చి.

"తెలిసినా చెప్పరులే. పిరికి మనిషి" అంది తల్లి.

ఒక ఏడాది బడిలో పిల్లలు తగ్గారు. ప్రిన్సిపాల్ టీచర్ల గదిలోకొచ్చి అందరి ముందూ అన్నాడు: "మాస్టారూ, వచ్చే ఏడు సైన్సు కూడా మీరే చెప్పండి. అనుమతి మేం తెప్పిస్తాం."

సైన్సు టీచరు చేతిలో కలం ఆగిపోయింది. ఉద్యోగం పోతే ఆవిడ వీసా పోతుంది. పిల్ల చదువు మధ్యలో ఆపించి దేశం దాటాలి.

"నాకు సైన్సు బొత్తిగా రాదండి" అన్నారు మాస్టారు.

"ఒక్క పాఠం చెప్పి చూపించండి. నేనే దగ్గరుండి పర్మిషన్ ఇస్తున్నా."

మర్నాడు ప్రిన్సిపాల్ వెనక బల్ల మీద కూర్చున్నాడు. మాస్టారు గంభీరంగా గొంతు సవరించుకుని, చంద్రుడు పగలంతా కొండల వెనక నిద్రపోతాడని చెప్పారు. నీళ్లెందుకు మరుగుతాయని ఒక పిల్లాడడిగితే, "వాటికి కోపమొచ్చి" అన్నారు. క్లాసు క్లాసంతా బల్లల మీద పడి నవ్వింది. ప్రిన్సిపాల్ నెత్తి పట్టుకుని లేచిపోయాడు. ఆ నవ్వు విని వచ్చిన సైన్సు టీచరు, గుండె మీద బరువు దిగి, అందరికన్నా ఎక్కువ నవ్వింది. ఆ రోజు నుంచి మాస్టారు బడి మొత్తానికీ 'నిద్ర చంద్రుడు'. ఆ పేరుతో పిలిస్తే పలికేవారు కూడా.

ఆయన పని విరమించి వెళ్లిపోయే రోజున టీచర్లు మళ్లీ ఆ పాఠం తలుచుకుని నవ్వుతుంటే, ఆఫీసు గుమస్తా సైన్సు టీచర్ని పక్కకు పిలిచాడు.

"మీరన్నా నవ్వకండి మేడమ్. ఆయన సర్టిఫికెట్లన్నీ సర్దింది నేనే. చదివింది సైన్సు, వాళ్ల దేశంలో ఏళ్ల తరబడి చెప్పిందీ సైన్సే. దేశం దాటాక సైన్సులో ఖాళీ దొరక్క లెక్కల్లో చేరారు."

ఆవిడ బస్టాపు దాకా పరుగెత్తింది. మాస్టారు పెట్టె మీద కూర్చుని ఉన్నారు.

"అంత బాగా వచ్చిన పాఠాన్ని చేజేతులా పాడుచేసుకున్నారు కదా, బాబాయిగారూ. నా కోసమేనా?"

మాస్టారు బస్సు వచ్చే వైపు చూశారు. రాలేదు. తప్పించుకునే దారి లేకపోయింది.

"నా క్లాసు కిటికీలోంచి నీ గది కనిపిస్తుందమ్మా. ఇన్నేళ్లూ నీ పాఠాలు వింటూనే ఉన్నా. నాకంటే బాగా చెబుతావు. కాకపోతే ఆ స్పిరిట్ దీపం మీదికి వంగేటప్పుడు జడ వెనక్కి వేసుకో తల్లీ. నువ్వు ప్రయోగం చేసిన ప్రతిసారీ ఇవతల నా ప్రాణం పోయి వచ్చేది."