బుల్లియ్య మెచ్చిన గిటారు

ఆ ఆదివారం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది నాకు. గిటార్లు వాయించేవాళ్ళం ఒకచోట చేరి ఏది మెత్తన, ఏది గట్టి, ఏది బాగా పలుకుతుంది అని పోట్లాడుకోవడం కొత్తేం కాదు. అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్న రోజులున్నాయి. కానీ ఒక మనిషి తన గిటారుని మెచ్చుకుంటుంటే విని హడలిపోవడం మాత్రం నా జన్మలో అదే మొదలు.

ఆ మనిషి బుల్లియ్య. నరసాపురం దగ్గర చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టాడు. మా గోదావరి జిల్లాల్లో జాతరన్నా, తీర్థమన్నా, పెళ్ళి రిసెప్షనన్నా ఆర్కెస్ట్రా వాళ్ళు లీడ్ గిటారు కోసం ముందు ఫోన్ కొట్టేది అతనికే. చిన్నప్పుడు అమ్మవారి జాతరకి వచ్చిన ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు చూసి మతిపోయి, ఆ వాయించేవాడి వెనకాలే ఊరు దాటి పోయాడట. కొత్తగా నేర్చుకునేవాడికి తీగలు కోసుకుని వేళ్ళు భగ్గున మండుతాయి. నేనైతే ఏడ్చాను. బుల్లియ్యకి ఆ బాధే తెలీదు. అప్పటికే వల తాళ్ళు లాగీ లాగీ వేళ్ళు కాయలు కాసి ఉన్నాయి. "నాకు గిటారు నేర్పింది మా నాన్న వలేనండి" అని మైకు దొరికితే చాలు చెప్పేవాడు.

అంత మొరటు వేళ్ళు ఎంత సున్నితమో చెబితే నమ్మరు. ఎవరైనా అతని గిటారుకి వెంట్రుకవాసి లావు తీగ మార్చి పెడితే ముట్టుకోగానే పట్టేసేవాడు. "ఎవడ్రా దీని జోలికెళ్ళింది?" అని స్టేజి అదిరేలా కేక! తీగకీ కింద చెక్కకీ మధ్య ఉండే ఎత్తుని మేం యాక్షన్ అంటాం. అది తక్కువుంటే వేలు ఆనిస్తే పలుకుతుంది. ఎక్కువుంటే నొక్కలేక చావాలి. ఆ ఎత్తు సరిచేసుకుంటూ బుల్లియ్య స్క్రూలు తిప్పుతూ కూచుంటే, అవతల యాంకరమ్మ జనాన్ని ఆపలేక నానా అవస్థ పడేది.

నా పేరు శ్యాంబాబు, ఊరు పాలకొల్లు. నాదీ గిటారే, వేరే ఆర్కెస్ట్రా పార్టీ. మా ఇద్దరికీ సౌండు దగ్గర అస్సలు పడేది కాదు. "నీ గిటారు దుప్పటి ముసుగేసుకుని పాడినట్టుంటదయ్యా" అనేవాడు. "నీది చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుంటుంది, పో" అనేవాణ్ణి. ఈ తగువు తీర్చడానికన్నట్టు తణుకులో మణిదీప్ అని ఒక కాలేజీ లెక్చరర్ దొరికాడు. మేడ మీద గదిలో గోడనిండా గిటార్లు వేలాడదీసుకున్న పిచ్చోడు. నెలకో ఆదివారం అక్కడ చేరేవాళ్ళం.

ఈ ఏడు వేసవిలో బుల్లియ్య రాజమండ్రిలో ఎవరి దగ్గరో ఒక పాత ఎర్ర గిటారు కొనుక్కొచ్చాడు. అంతే, ఇంక అదే భజన. "వెన్న శ్యాంబాబూ, వెన్న! తీగ ఉందో లేదో తెలీదంటే నమ్ము." ఫోన్ చేస్తే అదే మాట, ఎదురుపడితే అదే మాట. ఇన్నాళ్ళూ ఏ గిటారునీ మెచ్చని మనిషికి ఇదేం మోజురా బాబూ అనుకున్నాను. ఇంకో వింత కూడా చూశాను. వేళ్ళ వైపు చూడకుండా, జనం వంకే చూస్తూ వాయించడం అతనికి పెద్ద గొప్ప. అలాంటిది ఈ మధ్య తల దించి వేళ్ళనే చూసుకుంటూ వాయిస్తున్నాడు. వయసొచ్చాక వినయం వచ్చిందిలే అని నవ్వుకున్నాం. తునిలో మా రెండు పార్టీలూ కలిసి చేసిన ఒక ప్రోగ్రాంలో స్టేజి దిగుతూ ఒక చెప్పు మెట్ల మీదే వదిలేసి, ఒంటి చెప్పుతో వ్యాను దాకా నడిచొచ్చాడు. "ఏమయ్యా, చెప్పు కూడా వెన్నలా జారిపోయిందా?" అని వ్యాను వ్యానంతా గొల్లుమంది. అతనూ నవ్వాడు.

ఆ ఆదివారం ఎర్ర గిటారు తెచ్చి మణిదీప్ ఒళ్ళో పెట్టాడు. "చూడండి బాబూ, తర్వాత మాట్లాడండి."

మణిదీప్ నొక్కాడు. మొహం చిట్లించాడు. నాకందించాడు. నేను నొక్కి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వెన్నా? నీ దుంపతెగ! చెక్క వంకర పోయి, తీగలు బట్టలారేసే దండేల్లా అంతెత్తున లేచి ఉన్నాయి. అడ్డంగా వేసిన కమ్మీల కొసలు పక్కకి పొడుచుకొచ్చి చేప ముళ్ళలా గీరుతున్నాయి. ఇలాంటి దాన్ని మా పార్టీలో కుర్రాడికిస్తే ఉద్యోగం మానేసి పోతాడు.

"ఎటకారమా బుల్లియ్యా? మమ్మల్ని ఏడిపించడానికి తెచ్చావా?" అన్నాను.

"ఎటకారమేంటి? మా ఆడదాని మీద ఒట్టు, ఇంత మెత్తటిది నేను పట్టలేదు."

"మెత్తనా! వేళ్ళు తెగుతుంటే మెత్తనంటావేంటి?"

"నీకు చెయ్యి తిరగలేదు. ఇటియ్యి" అని లాక్కున్నాడు. కోపం ముక్కు మీదకొచ్చేసింది. మాకు చూపించాలన్న పంతంతో పాత రోజుల్లోలాగా తలెత్తి, కళ్ళు మూసుకుని అందుకున్నాడు. అబ్బ, ఆ మనిషి చేతిలో ఏ చెక్కైనా పాడుతుంది. అయితే స్వరం అక్కడక్కడా పక్కకి తప్పుకుంటోంది. ఎడమ చెయ్యి పైకీ కిందకీ జారిస్తూ, నవ్వుతూ, తల ఊపుతూ వాయిస్తున్నాడు. గిటారుకి బిగించిన తెల్లటి ప్లేటు మీద ఎర్రగా ఒక చుక్క పడింది. మరోటి. తర్వాత ధారకట్టింది. చూపుడువేలి పక్కన కమ్మీ కొస చీరేసింది, జారించినప్పుడల్లా మళ్ళీ చీరుతోంది. అతను నవ్వుతూనే ఉన్నాడు.

మణిదీప్ "ఆపండి! ఆపండి బుల్లియ్య గారూ!" అని అరిచాడు.

బుల్లియ్య కళ్ళు తెరిచి కిందికి చూశాడు. నా చేతులు చూశాడు, మణిదీప్ చేతులు చూశాడు.

"ఎవరిది ఈ రక్తం?" అన్నాడు.

చేతిని కుళాయి కింద పెట్టి, మణిదీప్ డెట్టాల్ పోశాడు. అంత లోతు గాయం మీద పోస్తే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. ఇతను ఉస్ అని కూడా అనలేదు. "వల పట్టిన చెయ్యండీ, మొద్దుబారక ఏమవుద్ది" అని మమ్మల్నే ఓదారుస్తున్నాడు. వెంట్రుకవాసి తేడా పట్టిన చెయ్యి అది! ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని చూశాను గానీ, వేళ్ళు చచ్చుబడిపోతుంటే గిటారు బాగుందని మెచ్చుకునేవాణ్ణి ఎక్కడా చూడలేదు.

మణిదీప్ వాళ్ళ వీధి చివరే ఒక డాక్టరమ్మ ఉంది. అప్పటికప్పుడు బలవంతాన తీసుకెళ్ళాం. రక్తం పరీక్ష చేసి, మిషన్ చూసి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది.

"షుగర్ ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"నాకు షుగరేంటండీ! మా ఇంటావంటా లేదండి."

"చాలా ఏళ్ళ నుంచే ఉన్నట్టుంది, నరాలు దెబ్బతిని ఉంటాయి. కాలి నుంచి చెప్పు జారిపోతే తెలుస్తోందా?"

బుల్లియ్య నా వంక చూశాడు. తునిలో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. తల దించుకున్నాను.

"అది సరేనండి. ద్రాక్షారామంలో ప్రోగ్రాం ఒప్పుకున్నానండి. వేలు మాత్రం తొందరగా మానేలా చూడండి" అన్నాడు.

"వేలు మానుతుంది. వేళ్ళకి స్పర్శ ఎంత మిగిలిందో చూడాలి. పోయింది మళ్ళీ వస్తుందని నేను మాటివ్వలేను" అంది డాక్టరమ్మ. నైలాను దారం ముక్క బిగించిన ఒక పుల్ల తీసింది.

"గేలం దారమండీ ఇది!" అన్నాడు బుల్లియ్య హుషారుగా.

"అలాంటిదే. కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా చెప్పండి."

ముందు పాదాలు. దారం ఆనిస్తోంది, అది విల్లులా వంగుతోంది, బుల్లియ్య పలకడు. కాసేపాగి "మొదలెట్టారాండీ?" అని అడిగాడు. తర్వాత ఎడమ చెయ్యి. మధ్యవేలి కొస. పలకలేదు. ఉంగరం వేలు. పలకలేదు. మేమెవరమూ మాట్లాడకపోయేసరికి అతనికీ ఏదో అర్థమైనట్టుంది. నుదురు ముడిపడింది.

"ఆఁ! తగిలిందండి" అన్నాడు ఒక్కసారిగా. "చిటికినవేలు. బాగా తెలుస్తోందండి. ఆఁ, మళ్ళీ తగిలింది. పర్లేదు కదండీ? వాయించుకోవచ్చు కదండీ?"

కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. డాక్టరమ్మ రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. దారం బల్ల మీదుంది.