కోటిబాబు మంచం పక్క ఫ్రిజ్జు

గుంటూరు ఆసుపత్రిలో కోటిబాబు గొంతు క్యాన్సరుకు కరెంటు పెట్టించుకొచ్చాక ప్రసన్నలక్ష్మి ఆశలన్నీ ఒక్క గ్లాసు చల్లటి నీళ్ల మీదే నిలబడ్డాయి. జావ దిగకపోయినా, మాత్ర దిగకపోయినా, చల్లటి నీళ్లు మాత్రం ఆ గొంతులో మంటను కాస్త ఆర్పుకుంటూ దిగేవి. అందుకే మొగుడు తోలే ఆటో అమ్మేసి, తలుపుకే పంపున్న ఫ్రిజ్జు కొన్నది. మాట పెగలని మనిషి దాహమైన ప్రతిసారీ తనకోసం చేతులు ఊపడం ఆమె చూడలేకపోయింది. ఇప్పుడు గ్లాసు ఆనిస్తే చాలు, మొగుడు తన నీళ్లు తనే పట్టుకుంటాడు. స్వయంగా చేసుకోవడానికి పాపం ఆ పనొక్కటే మిగిలింది.

గాలి ఆడుతుందని మంచాన్నీ ఫ్రిజ్జునీ వీధిగదిలో పెట్టించింది. అక్కడే కొంప మునిగింది. నూజెండ్ల రోడ్డున పోయే ప్రతి ప్రాణికీ ఆ పంపు కనపడుతుంది మరి! పైగా రోళ్లు పగిలే ఎండ. మిరపకోతల కూలీల ఆటో సరిగ్గా వాళ్ల గడప ముందే ఆగేది. అది కోటిబాబు అమ్మిన ఆటోనే, ఇప్పుడు జమాల్ తోలుతున్నాడు. అందులో ఆడవాళ్లంతా ఏళ్ల తరబడి కోటిబాబు తిప్పినవాళ్లే. వాళ్లకు దాహమైతే ఎవరి గుమ్మం ముందైనా ఆటో ఆపి, సిగ్గుపడకుండా నీళ్లడిగిన మనిషి ఆయన.

"ఏమే ప్రసన్నా, గుక్కెడు సల్లటి నీళ్లియ్యవే, నోరు పిడచగట్టుకపోయింది" అంటూ పెద్దామె నాంచారమ్మ ముందు దిగేది. ఆమె వెనక మిగతావాళ్లు, వాళ్ల చీరల్లోంచి మిరప ఘాటు. అందరూ తాగేసరికి ఫ్రిజ్జు తలుపులోని నీళ్ల టాంకీ ఖాళీ. మళ్లీ బిందెతో నీళ్లు పోస్తే పొద్దుగూకినా గోరువెచ్చగానే ఉండేవి. సీసాల్లో పోసి లోపల దాచి చూసింది. వాటినీ కోటిబాబే తీసి అందించేవాడు.

మెకానిక్కును పిలిపించింది. అతను చల్లదనం పెంచే మర ఆఖరిదాకా తిప్పి, "దీనికి రోగమేం లేదక్కా. తలుపులో టాంకీ చిన్నది. పోసిన నీళ్లు ఓ పూటన్నా ముట్టుకోకుండా ఉంచాల. ఇంతమంది పట్టుకుంటే ఇదేం చేసుద్ది?" అని వెళ్లిపోయాడు. చెప్పడానికేం, చెప్పాడు! దాహమన్నవాళ్లకు లేదని ఎలా అంటుంది? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఆరోజు కోటిబాబు గొంతు పుండై ఉమ్మి కూడా మింగలేకపోయాడు. ప్రసన్నలక్ష్మి పొద్దున్నే టాంకీ నింపి, ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా కూర్చుంది. మధ్యాహ్నానికి పంపు చుట్టూ చెమ్మ పట్టింది. ఆమె ప్రాణం లేచొచ్చింది. ఇంతలో ఆటో చప్పుడు. గబుక్కున వీధి తలుపేసి గడియపెట్టింది.

"నీళ్లు అయిపోయినయ్ అత్తా" అంది కిటికీలోంచి, మొహం పక్కకు తిప్పుకుని.

"అయ్యో, మరి కోటిగాడికో?" అంది నాంచారమ్మ. "మా టిన్నులో అడుగున కాసిని ఉన్నయ్. పోసిపోనా, వాడికన్నా అయితయ్?"

ప్రసన్నలక్ష్మికి తన మీద తనకే అసహ్యం వేసింది, వాళ్ల మీద కోపమూ పోలేదు. వెనక గడియ తీసిన చప్పుడైంది. కోటిబాబు గోడ పట్టుకుని నిలబడి, తలుపు బార్లా తీసి, లోపలికి రమ్మని చెయ్యూపుతున్నాడు. ఆపడానికి ఆమెకు చేతులు రాలేదు. అబద్ధం బయటపడ్డా నాంచారమ్మ పల్లెత్తు మాట అనలేదు. కోటిబాబే ఒక్కొక్కరికీ గ్లాసు నింపి ఇచ్చాడు. "అబ్బ, మంచుగడ్డల్లే ఉన్నయ్ రా కోటీ" అంటూ తాగి, ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఆమె ఏడుస్తూనే మళ్లీ బిందె ఎత్తి టాంకీ నింపింది. కోటిబాబు ఆయాసపడుతూ మంచం మీద కూర్చుని, గ్లాసు పంపుకు ఆనించాడు. గోరువెచ్చటి గుక్క మింగాడు. మెడ నరాలు తేలి, కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి పెళ్లాం వైపు చూసి, రాని గొంతు కూడదీసుకుని అన్నాడు.

"సల్లగానే ఉన్నయ్యే."