గులకరాళ్లలో నాటిన కలువలు

కరోనా సద్దుమణిగిన ఏడాది, వానకాలంలో నన్ను ఇబ్రహీంపట్నం బ్రాంచికి మార్చినరు. సాగర్ రోడ్డు మీది ఒక ప్రైవేటు నర్సరీలో నేను సైట్ సూపర్‌వైజర్‌ను. మేనేజర్ కింద, మాలీల మీద ఉండే నౌకరి. అమ్మిన మొక్క కొన్నోళ్ల ఇంట్లో ఎట్లున్నదో పోయి చూసుడు, బాగలేకపోతే కారణం చెప్పుడు నా పని. బడికి పోని నాకు అక్షరాలూ, అంట్లు కట్టుడూ రెండూ ఇంట్లోనే నేర్పిన మా బాపుకు, ఆ విద్యతోనే ఇన్నేండ్లు అన్నం పెట్టిన దేవునికి రోజూ దండం పెట్టుకుంట. ఒక ఫామ్‌హౌస్‌కు తిరిగిన రోజుల్లో మాత్రం దండాలు తగ్గి గొణుగుడు పెరిగింది.

ఆ ఇల్లు ఒక వెంచర్ల సారుది. మహేశ్వరం దిక్కు ప్లాట్లు చేసి అమ్ముతడు. ఇంటి వెనుక సిమెంటు కుంట కట్టించి మా దగ్గర కలువలు కొన్నడు. ఆకులు పసుపువారినయి, మొగ్గ జాడ లేదు. తప్పంతా మాలి యాదయ్యదని సారు ముందే తేల్చేసిండు. సద్దుల బతుకమ్మ నాటికి పూలు లేకపోతే యాదయ్య పని పోతది, పనితో పాటు గేటు పక్కన భార్యాపిల్లలతో ఉండే అర్ర కూడా పోతది. ఈ మాట సారు యాదయ్య ముంగటనే, చాయ్ తాగుకుంట, నాకు చెప్పిండు.

కలువ అడిగేది ఎక్కువేం లేదు. చెరువు ఒండ్రుమట్టి, దండిగ ఎండ, కదలని నీళ్లు. దుంప కొన మట్టి పైకి కనపడాలె, ఆ మీద జానెడు నీళ్లు చాలు. ఎరువును కాగితంలో పొట్లం కట్టి మట్టిలోకి దూర్చాలె. నీళ్లల్ల చల్లితే పాచి బలుస్తది. ఇదంతా సారు విన్నడు, తలకాయ ఊపిండు. రంగు లైట్ల ఫౌంటెన్ మాత్రం బంద్ చెయ్యలేదు. అది బంద్ పెడితే ఇంటికొచ్చినోళ్లు ఏం చూడాలని నన్నే అడిగిండు.

ఫౌంటెన్ తుంపర కలువకు గిట్టదు, కాని ఇంత నాశనం దానితో కాదు. కుచ్చిళ్లు ఎగదోపి కుంటలోకి దిగి, కలువ నాటిన ఒక తొట్టి ఎత్తిన. లోపల గలగలమన్నది. లోపల మట్టే లేదు. తెల్ల గులకరాళ్లు, వాటి నడుమ కడిగిన ముల్లంగి లెక్క దుంప.

యాదయ్యను అడిగిన. “మేడం కడగమంటది అక్కా. బేస్తారం బేస్తారం దుంపలు తీసి, కడిగి, మళ్ల పెడుత,” అన్నడు.

“మట్టి లేకుంటే బతకదని చెప్పలేదా?”

“రెండుసార్లు చెప్పిన. చెప్పుడుకు నీకు జీతం ఇస్తలేమన్నది.”

అంతలో మేడం, సారు భార్య, బయటికొచ్చి తానే విడమరిచింది. శుక్రారం అమ్మవారికి పెట్టే పువ్వు బురదలో పుట్టుడేందని ఆమె బాధ. నేనూ శుక్రారం దీపం పెట్టేదాన్నే. దేవుడు బురదలో పెట్టినదాన్ని గులకరాళ్లల్ల పెట్టి, ఆయన తప్పు దిద్దే భక్తిని మాత్రం అప్పుడే చూసిన. ఇంత మడి ఉన్నోళ్లకు ప్లాస్టిక్ పూలు ఉండనే ఉన్నయి, కడిగినకొద్ది మెరుస్తయి.

మేనేజర్‌కు ఫోన్ చేస్తే, మాలి సరిగ్గ చూస్తలేడని చెప్పి వచ్చెయ్యమన్నడు, కస్టమర్‌తోని మనకెందుకన్నడు. నేను ఆ పని చెయ్యలేదు. మట్టి లేక దుంపలు చస్తున్నయని, మట్టి తీయించింది మాలి కాదని, సారుకు మేడం ముంగటనే చెప్పిన. సారు మేడం దిక్కు చూసిండు. మేడం ఫౌంటెన్ దిక్కు చూసింది. ఆఖరుకు సారు తీర్పు ఇచ్చిండు: బురద పని ఏమున్నా అర్ర వెనుక, కండ్లకు కనపడకుండ చేసుకోవాలె, గడువు మాత్రం అదే.

యాదయ్య చెరువు మట్టి మోసుకొచ్చిండు. తొట్లల్ల నాటి, అర్ర వెనుక ఎండలో ఉన్న పాత నీళ్ల గోలేలల్ల దింపినం. అక్కడ కడిగేటోళ్లు లేరు. ఆకులు పచ్చబడ్డయి, సద్దులకు ముందే మొగ్గలు తలెత్తినయి. సారు ఆ తొట్లను కుంటలోకి మార్పించి, “మా మేడం చెయ్యి మంచిది, ఏది పెట్టినా పూస్తది,” అని పండుగకు వచ్చిన చుట్టాలకు చెప్పిండు. మేడం కాదనలేదు. యాదయ్య పని, అర్ర నిలిచినయి. అందుకు కొబ్బరికాయ కొట్టిన.

పండుగ దాటిన బేస్తారం మేడం మళ్ల కడగమన్నదట. యాదయ్య సగం తొట్లు మళ్ల అర్ర వెనుకకు తెచ్చుకొని, పూసినప్పుడు మాత్రం కుంటకు మార్చుడు అలవాటు చేసుకున్నడు.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఒకటే. కలువ బతుకుడు మట్టి మీద, ఎండ మీద ఆధారపడ్డట్టే, హుకుం ఇచ్చేటోళ్లు, రోజూ చూసేటోళ్లు ఒకరేనా కాదా అన్నదాని మీద కూడా ఆధారపడి ఉంటది. ఆ ఇద్దరూ వేరువేరున్న ఇంటికి కలువలు అమ్మొద్దని మేనేజర్‌కు చెప్పిన.

“గట్లయితే ఇంక ఎవలకు అమ్మాలె అక్కా?” అన్నడు.