ముడిపట్టు కాగితాలు

ముడిపట్టును జిగురు, బిరుసు పోవడానికి సబ్బునీళ్లలో ఉడకబెడితే ఒక వాసన వస్తుంది, గంజికీ పచ్చిచేపకూ మధ్యలో ఎక్కడో. నిన్న గద్వాలలో ఒక ఇంటి ముందు నుంచి వెళ్తుంటే అది తగిలి, సుగుణమ్మ గుర్తొచ్చి నిలబడిపోయాను.

ఆమె గద్వాల మగ్గాలకు పట్టు సరఫరా చేసే వ్యాపారి. చైనా నుంచి తెప్పించేది. డిగ్రీ చదివి వీపనగండ్ల నుంచి వచ్చిన నన్ను దిగుమతి కాగితాలు చూడటానికి పెట్టుకుంది. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రం, ఒక్కో రకానికి ఒక్కో కోడ్. ఏది దేనికో నాకు అంతుపట్టేది కాదు. అడిగితే ఉద్యోగం పోతుందేమోనని తల ఊపుతూ, పాతవి చూసి కొత్తవి నింపేదాన్ని.

ఒక శ్రావణానికి ముందు సరుకు చెన్నై రేవులో ఆగిపోయింది. ఇన్వాయిస్‌లో ముడిపట్టు అని ఉంది. నేను నింపిన దిగుమతి పత్రంలో పురిపెట్టిన నూలు అని, దాని కోడ్ ఉంది. రేవులో మా సరుకు విడిపించే ఏజెంట్ ఫోన్‌లో తేలిగ్గా చెప్పాడు: "మీరు నింపినట్లే ఇన్వాయిస్ మార్పించుండ్రి. అయిపోతది."

అది సాయమో ఉచ్చో అర్థం కాక సుగుణమ్మ ముందుకు వెళ్లాను. ఆమె నమూనాగా వచ్చిన పట్టుపోగుల చిలప ఒకటి నా చేతిలో పెట్టింది.

"ఎట్లుంది?"

"బిరుసుగ ఉందమ్మా. పోగులకు పురి లేదు."

"మరి పురిపెట్టిన నూలని ఎట్ల రాసినవ్?"

"ఏది ఏందో నాకు మొదటి సంది తెల్వదమ్మా."

ఆమె చిలప నా చేతిలోంచి తీసుకుంది. "గా మాట ముందుగాలనే చెప్తే అయిపోతుండె గద, బిడ్డా" అంది.

ఇన్వాయిస్ మార్పించలేదు. తప్పు మాదేనని ఒప్పుకుంటూ సవరణకు దరఖాస్తు నా చేతే రాయించింది. సరుకు రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోపు నన్ను వెంటబెట్టుకుని నేతకారుల ఇళ్లన్నీ తిరిగింది. "మా కాయితంల తప్పు పడ్డది. జర ఆగుండ్రి" అని చెప్పింది. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. నారాయణ అనే నేతకారుడు ఖాళీ మగ్గం మీద చెయ్యి వేసి, "పెండ్లి చీరలు ఒప్పుకున్న. ఎట్ల ఆగాలమ్మా?" అన్నాడు. అతను వేరే వ్యాపారి దగ్గరికి పోయాడు, మళ్లీ రాలేదు.

ఏజెంట్ మాట వింటే ఆ మగ్గం ఆగేది కాదేమో. ఆమె చేసిందే సరైనదా అని ఇప్పటికీ ఒక్కోసారి తికమకపడతాను. అడుగుదామంటే ఆమె లేదు.

ఇప్పుడు వనపర్తిలో నలుగురు వ్యాపారులకు ఇవే కాగితాలు నింపిపెడుతున్నాను. నిబంధనలు మారుతూనే ఉంటాయి, సగం రోజులు అయోమయమే. కాకపోతే తల ఊపడం మానేశాను. అర్థం కాని గడి ఉంటే ఖాళీగా వదిలి, ఎదుట ఎంత పెద్ద అధికారి ఉన్నా సిగ్గుపడకుండా అడుగుతాను.