ఎడమ పిడికిలి

మా డీజిల్ పికప్ నడిపినతనికి చాయ్ తాగేటప్పుడు కూడా ఎడమ పిడికిలి బిగుసుకునే ఉండేది. రాళ్లకు బొక్కలేసే కంప్రెసర్ ట్రాలీని వెనక తగిలించుకుని చిన్నకోడూరు దాటి క్వారీ గుట్ట ఎక్కుతుంటే, బరువుకు రెండో గేరు దానంతటదే ఊడిపోయేది. పైకి చేరేదాకా గేరు రాడ్డును ఆ చేత్తోనే అదిమి పట్టేవాడు.

"సేటూ, గేరు నిలుస్తలేదు. బాక్సు ఇప్పిద్దాం" అని ఎన్నిసార్లు అడిగాడో.

"గీ పని అయినంక చూద్దాం తియ్" అనేవాణ్ణి.

మొన్న ఎండాకాలం బండి సగం గుట్ట నుంచి వెనక్కి జారి, ట్రాలీతో సహా క్వారీ గుంతలో పడింది. శవం పక్కన దొరికిన ఫోనులో చివరి కాల్ నాదే.

"ఏడున్నవ్? ఇంకెంతసేపు?" అని అరిచాను.

"ఎక్కుతున్న సేటూ..." అన్నాడు.

స్టీరింగ్ వదల్లేక, నా ఫోన్ ఎత్తకుంటే తిడతానని, గేరు రాడ్డు మీంచి ఆ ఎడమచెయ్యే తీశాడు.