ఆంటీ పదకొండుసార్లు ఆగారు

కింద ఫ్లాట్ ఆంటీ పోయారు. ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆఫీస్‌కి బయల్దేరుతూ కారు అద్దం మీద మంచు గీకుతుంటే నాకు తెలిసింది. పక్క కారు దగ్గర ఆవిడ అల్లుడుగారు కూడా మంచే గీకుతున్నారు. చెయ్యి ఆపకుండానే చెప్పారు.

"మా అత్తయ్య పోయారమ్మా. ఒంగోల్లో, నిద్రలోనే. మా ఆవిడ పిల్లని తీసుకుని నిన్ననే ఫ్లైట్ ఎక్కింది." కాసేపటికి నన్ను ఓదారుస్తున్నట్టు అన్నారు. "అసలు ఏ కంప్లయింటూ లేదు. అక్టోబర్‌లో నీతో అంత పెద్ద కొండ ఎక్కి వచ్చారు కదా!"

నేను గీకిన చోటే మళ్ళీ గీకాను.

ఆంటీ ఒక ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ కూతురికి, అంటే నేను అక్కా అని పిలిచే ఆమెకి, పాప పుడితే, వీసా ఆలస్యమై, పాపకి రెండో నెల నిండాక మా ఊరు హెర్న్‌డన్ వచ్చారు. వచ్చిన మూడో రోజే మా అపార్ట్‌మెంట్ల వెనకున్న చెరువు చుట్టూ నడిచే అమ్మమ్మలనీ నాయనమ్మలనీ పోగేశారు. నేను పైన బాల్కనీలో కాఫీ తాగుతూ వినేదాన్ని. "చేతులు ఊపండి వదినగారూ! నడకా ఇది? అప్పడాలు ఒత్తుతున్నారా?"

ఒకరోజు తలెత్తి నన్ను చూశారు. "ఏమ్మాయ్, పైనుంచి చూట్టమేనా? దిగు."

దిగాను. రెండేళ్ళలో రెండు ఉద్యోగాలూ మూడు ఇళ్ళూ మారినదాన్ని, ఎక్కడా కాలు నిలవనిదాన్ని, ఆ తర్వాత ప్రతి సాయంత్రం అరవై మూడేళ్ళ మనిషి పక్కన చెరువు చుట్టూ తిరిగాను. నా తెలంగాణ మాట విని ఆవిడ నవ్వేవారు. ఆవిడ 'పోబాక, చెప్పబాక' విని నేను నవ్వేదాన్ని. అందరికీ నన్ను "మా ఫ్రెండు" అని పరిచయం చేసేవారు. పరుగుపందెంలో వెనకబడి ఏడ్చే పిల్లలకి ఒక మాట చెప్పేదాన్నన్నారు ఒకసారి: "ఆగటానికి సిగ్గుపడబాక. ఆగటం వేరు, మానేయటం వేరు." ఆ మాట ఆవిడ ఎవరికైనా చెప్పగలరు, తనకి తప్ప. అది నాకు తర్వాత తెలిసింది.

కొండ సంగతి నా ఫోన్‌తో మొదలైంది. షెనండోవా కొండల్లో ఒక బండ మీద నిలబడి ఎప్పుడో దిగిన ఫోటో చూపించాను. కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూశారు. "ఆ బండ మీద నన్ను కూర్చోబెట్టు." అక్క వద్దంది. ఆంటీ ఒక్కటే అడిగారు. "డ్రిల్ టీచర్ని నేనా, నువ్వా?"

శనివారం పొద్దున్నే బయల్దేరాం. పంజాబీ డ్రెస్ మీద అక్క చలి జాకెట్, కాళ్ళకి అక్క కొన్న బూట్లు. నడుం వంచి లేసులు కట్టుకోవడం కష్టమని వెల్‌క్రో పట్టీలవి కొంది. "వెయ్యిమంది పిల్లలకి లేసులు కట్టటం నేర్పినదాన్ని. నాకు చంటిపిల్లల బూట్లు కొనిపెట్టింది చూడు" అని దారంతా నవ్వుతూనే ఉన్నారు. ఒళ్ళో చెక్కల డబ్బా, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు.

మొదటిసారి, దారి మొదట్లో మ్యాప్ బోర్డు దగ్గర ఆగారు. చదువుతున్నారనుకున్నాను. ఆ బోర్డులో అంతసేపు చదవడానికేమీ లేదు. రెండోసారి ఎర్రటి ఆకు ఏరారు, మనవరాలికట. మూడోసారి రాతి మీద కూర్చుని బూటు పట్టీ లాగారు. చర్. మళ్ళీ అతికించారు. "వదులైంది" అన్నారు. వదులవలేదు. నేను చూస్తూనే ఉన్నాను. అక్కణ్ణించి ప్రతి వంపులోనూ పట్టీ వదులవుతూనే ఉంది. చర్. అతికించడం. ఓ నిమిషం తలొంచుకుని కూర్చోవడం. లేచి, ముందుకంటే జోరుగా నడవడం.

దిగివస్తున్న తెల్లవాళ్ళు నవ్వుతూ "ఆల్మోస్ట్ దేర్!" అని పోయేవారు. ఆంటీ అందరికీ "థాంక్యూ నాన్నా" అనేవారు. నాలుగో జంట దాటిపోయాక నాతో అన్నారు. "ఈ దేశంలో అందరూ వచ్చేసిందంటారే గానీ ఒక్కడూ ఎంతదూరమో చెప్పడేందే?"

నేను పడీ పడీ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నవ్వడానికి ఊపిరి చాలలేదు.

"మంచిగున్నరా ఆంటీ? వాపస్ పోదాం" అన్నాను.

"పోబాక. బండ కనిపిస్తా ఉంది."

చివర్న బండల మీద చేతులు ఆనించి పాకాలి. కింద నుంచి నేను తోశాను. ఎక్కాం. కింద లోయంతా ఎరుపూ పసుపూ, మాకంటే కిందుగా గద్దలు తిరుగుతున్నాయి. ఆంటీ బండ మీద కూర్చుని అరచేత్తో రాతిని తడిమారు. పెదాల్లో రంగు లేదు. ఆ చలిగాలిలో మెడ మీద చెమట. కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"వచ్చిన దగ్గర్నించీ. ఎక్కితేనే, ఊరికే ఉంటే ఏం లేదు." ఊపిరి తీసుకుని అన్నారు. "అమ్మాయికి చెప్పబాక. చెప్తే రేపే టికెట్ మార్చి పంపేస్తది. ఇక్కడ చూపించాలంటే ఆ ఇన్సూరెన్సు పాత జబ్బులకి పనికిరాదంట. పిల్ల ఇంకా పాకలేదే. పాకటం చూసి వెళ్ళిపోతా. ఒంగోలు పోయి చూపించుకుంటా."

నేను ఒప్పుకోలేదు. అప్పుడు నా చెయ్యి లాక్కుని తన తల మీద పెట్టుకున్నారు. "నా మీద ఒట్టు."

మనలో ఎవరికి తెలియదు? ఒట్టు తప్పితే తల మీద చెయ్యి పెట్టించుకున్న మనిషి పోతారంటారు. ఇంజినీరింగూ ఎమ్మెస్సూ చదివిన నేను నోరు మూసుకున్నాను. ఒట్ల మీద నాకు నమ్మకం లేదు. ఆ ఒట్టు నాకు వీలుగా దొరికింది, అంతే. చెప్తే అక్క "మా అమ్మని కొండెందుకు ఎక్కించావ్" అంటుంది. చెప్తే సాయంత్రాలు నాకు తోడుండదు. ఆంటీ మాట నిలబెడుతున్నానని చెప్పుకుంటూ నన్ను నేను కాపాడుకున్నాను.

ఫోటో తీయమన్నారు. జుట్టు సర్దుకుని, భుజాలు నిటారుగా పెట్టి, అటెన్షన్‌లో కూర్చున్నారు. ఇప్పుడు దండ వేసింది ఆ ఫోటోకే.

పాప డిసెంబర్‌లో పాకింది. ఆంటీ ఆ సాయంత్రం మెట్ల కింద నిలబడి, "రావే, రావే, పాకేసింది!" అని నన్ను కేకేసి పిలిచారు. ఆ గొంతులోని సంతోషాన్ని నేను తీసెయ్యలేను. జనవరిలో వెళ్ళిపోయారు. బూట్లు గుమ్మం దగ్గరే ఉంచేశారు. "మళ్ళీ వస్తాగా, మోసుకెళ్ళటం దేనికి?" స్కైప్‌లో అడిగాను, డాక్టర్‌కి చూపించుకున్నారా అని. "ఆ, ఆ" అన్నారు, వెంటనే చెరువు గడ్డకట్టిందా అని అడిగారు. ఆ "ఆ, ఆ" అబద్ధమని కూడా నాకు అర్థమైంది.

నేను ఒట్టు తప్పలేదు. ఆవిడ పోయారు.

నెల తర్వాత అక్క తిరిగొచ్చింది. ఇక్కడి తెలుగువాళ్ళ పత్రికకి నాలుగు మాటలు రాయమని అడిగింది. "కొండ సంగతి తప్పకుండా రాయి. మా అమ్మ ఎంత గట్టి మనిషో అందరికీ తెలియాలి." రాశాను. గాలి, గద్దలు, చెక్కల డబ్బా, అన్నీ వచ్చాయి. బాగానే ఉంది. ఆంటీ ఆగిన చోట్లు మాత్రం అందులో లేవు. కాగితం పక్కన పెట్టి మెట్లు దిగాను.

అక్క పాలసీసాలు కడుగుతోంది. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాను. చెమట, భుజం, ఒట్టు. అక్క కుళాయి కట్టేసింది.

"ఎక్కేటప్పుడు ఎన్నిసార్లు ఆగింది?"

"పదకొండు."

"లెక్కపెట్టావ్."

నేను తలూపాను.

"లెక్కపెట్టావ్ గానీ, కిందింట్లో ఉన్న నాకు చెప్పలేదు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "అదే రాయి. గట్టి మనిషని రాయబాక. పదకొండూ రాయి."

అందుకే ఇలా రాస్తున్నాను. మీ ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళు మెట్ల మీద ఆగి గోడకున్న ఫోటోలు చూస్తుంటే, వాళ్ళు చూస్తున్నది ఫోటోలేనా అని ఒకసారి అడగండి. ఒట్టు వేయించుకుంటే తప్పండి.

ఆ రోజు అక్క మాట విని నేను వెనక్కి తిరిగేసరికి పాప పాక్కుంటూ గుమ్మం దాకా వచ్చేసింది. అక్కడున్న ఆంటీ బూటు ఒళ్ళోకి లాక్కుని, పట్టీ పట్టుకుని గుంజింది. చర్. ఆ చప్పుడుకి దానికి నవ్వొచ్చింది. నేను బూటు తీసుకోబోయాను. అక్క తడిచేతులతో వచ్చి, నన్ను దాటి, కింద కూర్చుంది. పట్టీని బొటనవేలితో నొక్కి అతికించింది. పాప మళ్ళీ లాగింది.

చర్.